కారని మోటర్ల కుళ్లాయప్ప

ధర్మవరంలో తాడిమర్రి రోడ్డు పక్కన కుళ్లాయప్ప షెడ్డుకు బోర్డు లేదు. తలుపు పక్క గోడ మీద ఎప్పుడో ఒక రైతు బొగ్గుతో "ఈడ చేసిన మోటరు కారదు" అని రాసి పోయాడు. వాన పడినప్పుడల్లా అక్షరాలు మసకబారేవి. కుళ్లాయప్ప భార్య హేమావతి మళ్లీ బొగ్గు తీసుకుని దిద్దేది. దిద్దిన ప్రతిసారీ అక్షరాలు కొంచెం లావయ్యాయి. ఇప్పుడవి రోడ్డుకు అవతలి నుంచి కూడా కనిపిస్తాయి.

ఆయనకు యాభై ఆరేళ్లు. పదిహేనో ఏట పెనుకొండలో, కొండ నీడ సాయంత్రం నాలుగింటికే వచ్చి కూర్చునే ఒక పంపుల షాపులో పని నేర్చుకున్నాడు. ఆ షాపు నుంచి ఒక అలవాటు ఆయన వెంట వచ్చింది. మోటరు బిగించాక అతుకు చుట్టూ పాత పేపరు ముక్క చుట్టి, పది నిమిషాలు నీళ్లు తోలేవాడు. తర్వాత పేపరు విప్పి రైతు చేతిలో పెట్టేవాడు. పొడిగా ఉంటే పని అయినట్టు. మచ్చంత తడి కనిపించినా మళ్లీ మొదటి నుంచి. కొందరు రైతులు ఆ పొడి కాగితాన్ని మోటరు గదిలో దేవుడి పటం వెనక దాచుకునేవాళ్లు.

ఆరు వందల అడుగుల కింది నుంచి ఎక్కి వచ్చే నీటిలో ఒక చుక్క దారి తప్పినా ఆయనకు ఒంట్లో ఎక్కడో సూది దిగినట్టుండేది. షెడ్డులో మోటర్లను పరీక్షించే డ్రమ్ములో నీళ్లు వారానికొకసారే మారేవి. ఆ నీళ్లు కూడా వృథా పోకుండా నిమ్మచెట్టుకు చేరేవి.

ఆయన ఎరిగిన మోటర్లన్నిటిదీ ఒకటే చావు. బోరులో నీళ్లు అయిపోతాయి, మోటరు ఉత్త గాలిని లాగి లాగి మాడిపోతుంది. నీళ్లుంటే చల్లన, లేకుంటే వేడి. నలభై ఏళ్లుగా లోకం ఆయనకు అంత తేలికగా అర్థమయింది.

ఒక మంగళవారం నల్లప్ప గొంగడిలో చుట్టిన వస్తువును ఆటోలోంచి దించే వరకూ.

నల్లప్ప గొర్రెల కాపరి. వాళ్ల ఊరు తాడిమర్రి అవతల, రిజర్వాయరు వెనక నిలిచిన నీళ్ల ఒడ్డున ఉంది. భార్య రామలక్ష్మమ్మ కూడా వచ్చింది. గొంగడి విప్పితే లోపల ఒక పొడుగాటి ఇనుప వస్తువు. పైన చిన్న ఇంజను, కింద సన్నటి కాలు, కాలి చివర మూడు రెక్కలు.

"ఏమబ్బా ఇది? చేపనా, కొంగనా?" అన్నాడు కుళ్లాయప్ప.

"పడవ మోటరన్నా. చేపల కాంట్రాక్టరు పోతా పోతా పడవతో పాటు వదిలేసి పాయె. రెండేండ్లు మా కొట్టంలో పడుండె. నిన్న తగిలిస్తే ఇంత దూరం పోయి, కాలి నిలబడిపాయె."

"నీళ్లలో ఉండే మోటరు ఎట్ల కాల్తాదప్పా?"

"అది నువ్వు చెప్పాల. జీవాలు గుట్ట మీద ఉండాయన్నా."

విషయం ఇది. ఆదివారం పొద్దున నల్లప్ప తన ముప్పై ఒక్క జీవాలను మేతకని నడిపించుకుంటూ గుట్ట ఎక్కించి, తాను ఇంటికి వచ్చాడు. చీకటి పడక ముందే ఎగువ నుంచి నీళ్లు వదిలారు. నడిచి పోయిన దారి మునిగిపోయింది. గుట్ట దీవి అయింది. గుట్ట మీద బండలు, నాలుగు తుమ్మచెట్లు, రెండు రోజులకు సరిపడే గడ్డి. చుట్టూ కావలసినన్ని నీళ్లు. తెడ్డు వేసి పోదామంటే ఆషాఢం గాలి పడవను కట్ట వైపుకు తోసేస్తోంది. మోటరు నడవాలి. నడవకపోతే జీవాలు అక్కడే ఎండిపోతాయి.

కుళ్లాయప్ప మోటరు విప్పాడు. లోపల ఒక చిన్న రబ్బరు చక్రం ఉంది. కాలు మునిగిన చోటి నీళ్లనే అది పైకి తోడి ఇంజను చుట్టూ తిప్పుతుంది. ఆ నీళ్లు పోయే సందుల్లో ఒండ్రు గట్టిపడి కందిరీగ గూడులా ఉంది. అది చూడగానే ఆయన ప్రాణం కుదుటపడింది. నీళ్లు అందలేదు, అందుకే కాలింది. తెలిసిన జబ్బే. తీగతో గీకి, గాలి కొట్టి, కడిగి, బిగించి, మోటరును డ్రమ్ముకు తగిలించి తాడు లాగాడు.

మోటరు మోగింది. మరుక్షణం దాని పక్కటెముకలోంచి, పెన్సిలు పట్టేంత కంతలోంచి, ఒక సన్నటి నీటి ధార చిమ్మింది. విల్లులా వంగి డ్రమ్ములో పడింది.

కుళ్లాయప్ప మోటరు ఆపాడు. మళ్లీ నడిపాడు. మళ్లీ ధార. బోల్టు ఊడిపోయిందేమోనని ఆ కంతలో ఒక బోల్టు పెట్టి చూశాడు. లోపల మర లేదు. పగులేమోనని వేలితో తడిమాడు. అంచు నున్నగా, పుట్టుకతోనే వచ్చిన బొడ్డులా ఉంది. గీకేటప్పుడు తానే ఏమైనా పొడిచాడా? ఇందాక ఈ కంత ఇక్కడ ఉందా, లేదా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

నల్లప్ప చూపు ఒకసారి ధార మీద పడింది. అక్కడి నుంచి గోడ మీది బొగ్గు అక్షరాల మీదికి పోయింది. తర్వాత నేల మీదికి దిగి అక్కడే ఉండిపోయింది. రామలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది.

ఆ రోజు కుళ్లాయప్ప పేపరు చుట్టలేదు. మోటరును మళ్లీ గొంగడిలో చుట్టి ఇచ్చాడు.

బుధవారం పది గంటలకు ఫోను వచ్చింది. "సగం దూరం పోయినాక పెనం మాదిరి కాలిపాయెనన్నా. గాలికి యాడికో కొట్టుకపోయి, కట్ట మీద పడినాము" అన్నాడు నల్లప్ప. మధ్యాహ్నానికి మోటరు మళ్లీ షెడ్డుకు వచ్చింది.

డ్రమ్ములో తగిలిస్తే బుద్ధిమంతుడిలా నడిచింది. పది నిమిషాలు, ఇరవై, అరగంట. కుళ్లాయప్ప దాని తల మీద అరచేయి పెట్టి, జ్వరం వచ్చిన బిడ్డ పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు. జ్వరం లేదు. గోరువెచ్చన, అంతే. ధార మాత్రం ఆగకుండా డ్రమ్ములో పడుతూనే ఉంది. దాని చప్పుడు ఎవరో చాటున నవ్వుతున్నట్టుంది.

"ఈడ సల్లగా ఉండాది. ఆడ కాల్తాండాది" అన్నాడాయన, ఎవరితోనో.

"దానికి మన డ్రమ్ము నచ్చినట్టుండాది. ఈడనే ఉంచుకో" అంది హేమావతి టీ గ్లాసు అందిస్తూ. ఆయన నవ్వలేదు. "నువ్వే ఒకసారి ఆడికి పోయి చూడరాదా?" అందామె ఈసారి మెల్లగా.

ఆయన టీ తాగేసి రెంచి వెతుక్కోసాగాడు. ఆయనకు ఈత రాదు. నీళ్లను ఎంతో లోతు నుంచి పైకి తెచ్చిన మనిషే గానీ, నీళ్ల మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. పడవ అనే మాట వింటేనే కాళ్ల కింది నేల ఒక అంగుళం కదిలినట్టుండేది. ఆ సంగతి హేమావతికి కూడా తెలియదు.

గురువారం రబ్బరు చక్రాన్ని జేబులో పెట్టుకుని హిందూపురం బస్సెక్కాడు. చక్రపు రెక్క ఒకదాని అంచు కొంచెం అరిగింది. తప్పంతా ఆ అరుగుదలదే అయి ఉంటుందని తనకు తాను చెప్పుకున్నాడు. పెనుకొండ దాటేటప్పుడు కిటికీలోంచి కొండ కనిపించింది. పని నేర్చుకున్న షాపు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నీళ్లుంటే చల్లన, లేకుంటే వేడి అని ఆ కొండే తనకు చెప్పినట్టు అనిపించింది. ఇప్పుడు అది అటు తిరిగి కూర్చుంది. బస్సు మలుపు తిరిగిన కొద్దీ కొండ తన వీపే చూపిస్తోంది. చెరువులో కాలే మోటరు. డ్రమ్ములో చల్లబడే మోటరు. చెరువు నీళ్లు తక్కువ నీళ్లా? నీళ్లలో రకాలుంటాయా?

హిందూపురంలో గంగాధర రబ్బరు బుష్‌లు, వాషర్లు చేసి అమ్ముతాడు. నోట్లో తెలుగూ కన్నడమూ ఒకే దవడన నములుతాడు. పడవ మోటరుదని విని చక్రాన్ని వెలుతురులోకి ఎత్తి చూశాడు.

"బర్రీ బర్రీ, రా కుళ్లాయప్పా. ధర్మవరానికి సముద్రం యావాగ బంతు, ఎప్పుడొచ్చె? మాకు చెప్పనే లేదే!"

"నవ్వుకో. జీవాలు చస్తాండాయి ఆడ."

గంగాధర నవ్వు ఆపాడు. అదే కొలతకు కొత్త చక్రం కోశాడు. కోస్తూ కోస్తూ తల ఎత్తకుండానే అడిగాడు.

"మోటరు నడిచేటప్పుడు నీళ్లు బయటికేమైనా పోతాండాయా?"

ఊరూరా తెలిసిపోయిందా? గోడ మీది రాత కుళ్లాయప్ప కళ్ల ముందు నల్లగా నిలబడింది.

"నేను చేసిన మోటర్లో నీళ్లెట్ల పోతాయప్పా?" అన్నాడు.

"అదీ సరే. నేనూ పడవ మోటరు ముట్టింది ల్యా. ఊరికే అడిగితి" అని గంగాధర చక్రాన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు.

శుక్రవారం కొత్త చక్రం వేసి పంపితే, శుక్రవారం సాయంత్రమే మళ్లీ ఫోను. నల్లప్ప గొంతు పీలగా ఉంది. "మళ్లీ కాలెనన్నా. ఇంత ముందుకు పోతే గుట్ట అందేది. నాకు కండ్లకు కనపడతానే ఉండాయి. రెండు పడిపోయినాయి. లేస్తాండ్లా."

కుళ్లాయప్ప ఫోను పెట్టేసి చాలాసేపు డ్రమ్ములోకి చూశాడు. నీళ్లలో తన ముఖం కనిపించింది. అది కూడా ఆయననే అడుగుతున్నట్టుంది.

శనివారం తెల్లవారగానే టీవీఎస్ బండి మీద సామాన్ల సంచి కట్టుకుని బయలుదేరాడు. సంచిలో అలవాటు కొద్దీ పాత పేపరు కూడా ఉంది.

రిజర్వాయరు ఒడ్డున నిలబడితే అదేదో వేరే దేశంలా ఉంది. నీళ్ల మధ్యలో ఈతచెట్ల తలలు తేలుతున్నాయి. ఒక కరెంటు స్తంభం మెడ దాకా మునిగి ఉంది. దాని మీద కాకి కూర్చుని తన నీడతో మాట్లాడుతోంది. కుళ్లాయప్ప ఆ స్తంభాన్ని గుర్తుపట్టాడు. దాని పక్కన ఒకప్పుడు ఆయన మూడు బోర్లకు మోటర్లు బిగించాడు. మూడూ ఎండిపోయాయి, నీళ్లు లేక మోటర్లు మాడిపోయాయి. ఇప్పుడా ఎండిన బోర్ల మీద ఇరవై అడుగుల నీళ్లున్నాయి. ఆయనకు తల తిరిగింది. ఏది కింద, ఏది పైన?

"ఎక్కన్నా, ఏం కాదు" అన్నాడు నల్లప్ప, ఆయన వెనకాడడం చూసి చేయి చాచి. "నాకూ ఈత రాదు. అది రామలక్ష్మికి మాత్రం వస్తాది."

"అయితే మనిద్దరినీ ఆయమ్మే ఈడ్చుకరావాల" అన్నాడు కుళ్లాయప్ప. నవ్వబోయి పడవ అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు.

నల్లప్ప ముందు కూర్చున్నాడు. వెనక మోటరు దగ్గర కుళ్లాయప్ప, ఆయనకు ఎదురుగా గడ్డిమోపుల మధ్య రామలక్ష్మమ్మ. తాడు లాగగానే మోటరు మోగింది. ధార చిమ్మింది, గాలికి విరిగి పడవలోకి, గడ్డి మీదికి, ఆమె చీర మీదికి చిలికింది. రామలక్ష్మమ్మ బొడ్డున దోపుకున్న, గుడ్డపేలిక చుట్టిన ఒక వేపపుల్ల తీసింది. కుళ్లాయప్ప ముఖంలోకి చూడకుండా, పసిబిడ్డ నోట్లో పాలపీక పెట్టినంత నేర్పుగా ఆ కంతలో దూర్చి బొటనవేలితో నొక్కింది. ధార ఆగింది. ఆమె నీళ్ల వైపు తిరిగి కూర్చుంది.

కుళ్లాయప్పకు చెవులు వేడెక్కాయి. ఈమెకు తెలుసు. మొదటి రోజు నుంచే తెలుసు. తాను చేయలేకపోయిన పని ఈమె ఒక పుల్లతో చేసింది. తానూ నీళ్ల వైపే చూశాడు. ఒకరకంగా మేలే అనిపించింది. ఇప్పుడు ఎక్కడా కారడం లేదు.

ఒడ్డు వెనక్కి జరిగింది. గుట్ట ముందుకు వచ్చింది. గుట్ట మీద తెల్లగా, నల్లగా చుక్కలు. అవి బండలో, జీవాలో తెలియలేదు. తర్వాత ఒక చుక్క అరిచింది.

ఆయన మోటరు తల మీద అరచేయి పెట్టి చటుక్కున తీసేశాడు.

"మొదలాయెనా?" అన్నాడు నల్లప్ప వెనక్కి తిరగకుండానే. "ఈ జాగాలోనే. రోజూ ఈ జాగాలోనే."

ఇనుము ఉప్మా మాడిన గిన్నె వాసన వేస్తోంది. కుళ్లాయప్ప చూపు మోటరు మీద తిరిగి తిరిగి వేపపుల్ల దగ్గర ఆగింది. పుల్ల చుట్టూ గుడ్డలోంచి సన్నగా ఆవిరి వస్తోంది. డ్రమ్ములో ఈ పుల్ల లేదు. డ్రమ్ముకూ చెరువుకూ ఉన్న తేడా ఇదొక్కటే. కానీ నీళ్లు లోపలే నిలిస్తే ఇంకా చల్లగా ఉండాలి గదా? బయటికి పోతేనే గదా కరువు?

"తల్లీ, ఈ పుల్ల ఎప్పటి నుంచి పెడతాండావు?"

రామలక్ష్మమ్మ ముఖం చిన్నబోయింది. "నువ్వు బాగు చేసి ఇచ్చినప్పటి నుంచి అన్నా. అంతకు ముందర కారుతాండ్లా. మంగళవారం నువ్వు కాగితం కూడా చూపియ్యలేదు. నీ మనసుకు కష్టమని మేం అడగలే."

"షెడ్డుకు తెచ్చినప్పుడు పుల్ల లేదే?"

"మోటరు ఆపినాక పీకేస్తా. ఉబ్బి ఇరుక్కుంటే నీకు ఇంకో పని గదా అని."

"నువ్వు చేసిన మోటరు కారుతాందని ఏ నోటితో చెప్పాలన్నా?" అన్నాడు నల్లప్ప. "గోడ మీద అంత లావు రాసుండాదే."

అది కారుతోందని కుళ్లాయప్పకూ తెలుసు. సిగ్గుపడి తాను దాచాడు, గౌరవం కొద్దీ వీళ్లు దాచారు. అయిదు రోజులుగా ఒకటే ధారను మూడు కొంగుల కింద దాచుకుని తిరిగారు. ఆ అయిదు రోజులూ అటు గుట్ట మీద గడ్డి అయిపోతూ వచ్చింది.

మోటరు గొంతు బొంగురుపోతోంది. ఆయన మోటరును నెమ్మది చేసి, గుడ్డ అడ్డం పెట్టి పుల్లను పట్టుకుని లాగాడు. అది చేతిలోంచి ఎగిరి నీళ్లలో పడింది. కంతలోంచి ముందు ఆవిరి, తర్వాత సలసల కాగే నీళ్లు ఉమ్మినట్టుగా వచ్చాయి. మణికట్టు చుర్రుమంది. "అబ్బా" అన్నాడు గానీ చేయి తీయలేదు. ఉమ్మినట్టు వచ్చేది ధార అయింది. కాగే నీళ్లు వేడినీళ్లయ్యాయి.

"కారుతాంది, ఇంకో పుల్ల ఇయ్యనా?" అంది రామలక్ష్మమ్మ కంగారుగా, గడ్డిమోపులో వెతుకుతూ.

ఆయనకు తెలియదు. మూయాలా, వదలాలా? నలభై ఏళ్లు చేతులకు తెలిసింది ఒకటే, మూయడం. అవి ఇప్పుడు కూడా వాటంతట అవే కంత వైపు పోతున్నాయి. గుట్ట మీద జీవాలు అంచుకు వచ్చి నిలబడ్డాయి. వాటిలో కొన్నింటి కాళ్లు వణకడం ఇక్కడికే కనిపిస్తోంది.

"వద్దు తల్లీ" అన్నాడు. "కారనీ."

ఆ మాట అన్నాక ఎవరి మాటో విన్నట్టు అటూ ఇటూ చూశాడు. ధారలో వేలు పెట్టి కూర్చున్నాడు. వేడినీళ్లు స్నానం నీళ్లయ్యాయి. కాసేపటికి గోరువెచ్చబడ్డాయి. మోటరు తల మీద చేయి పెట్టాడు, తీయలేదు. లోపలి వేడి ఈ వేలి మీదుగా దిగి చెరువులోకి పోతోందని మెల్లగా, నమ్మీ నమ్మకుండా, అర్థమయింది. చల్లని నీళ్లు రావాలంటే కాగిన నీళ్లు పోవాలి. ఇది తెలిశాక తన పాత మోటర్లన్నీ గుర్తొచ్చి మళ్లీ తికమకపడ్డాడు. అవి వేరు, ఇది వేరు. మరి ఆ తేడాను కనిపెట్టడం ఎట్లా?

పడవ గుట్టకు తగిలింది. పడిపోయిన రెండింటిలో ఒకటి రాత్రే చచ్చిపోయింది. రెండోదాని నోట్లో రామలక్ష్మమ్మ వేలితో అంబలి పోసి, దాన్ని ఎత్తుకుని పడవలో తన ఒడిలో పడుకోబెట్టుకుంది.

"నా పుల్లే తినేసెనన్నా దాన్ని" అంది చచ్చినదాన్ని చూస్తూ.

"నా గోడ తినేసె తల్లీ" అన్నాడు కుళ్లాయప్ప.

"ఇద్దరూ పంచుకోండి గానీ, ముందు మిగిలినవి ఎక్కియ్యండి" అన్నాడు నల్లప్ప. మాట మోటుగానే ఉంది గానీ చచ్చిన గొర్రె మీద తన గొంగడి కప్పి వచ్చాడు.

ఒక్కో తడవకు ఆరు. అయిదు తడవలు. ముప్పై జీవాలు. పోయిన ప్రతిసారీ, వచ్చిన ప్రతిసారీ ఆయన వేలు ధారలోనే ఉంది. నాలుగో తడవకు తాను పడవ అంచు పట్టుకోవడం మానేశానని గమనించి, గబుక్కున మళ్లీ పట్టుకున్నాడు.

చివరి జీవాలు ఒడ్డున దిగి గడ్డిమోపుల మీద పడ్డాక నల్లప్ప మోటరు ఆపబోయాడు. కుళ్లాయప్ప ఆగమన్నాడు. సంచిలోంచి పాత పేపరు తీసి అరచేతి వెడల్పున చింపాడు. అతుకు చుట్టూ చుట్టలేదు. ధార కింద పట్టాడు. అక్షరాలు నాని, ఒకదానిలోకి ఒకటి జారాయి. ఆ ముద్దను రెండు చేతులతో రామలక్ష్మమ్మకు అందించాడు.

"నీకు బాకీ ఉన్న కాగితం. మోటరు నడిచినంతసేపూ ఇట్ల తడుస్తాండాల. ఎప్పుడన్నా తడవలేదంటే ఆడనే ఆపేసి నాకు ఫోను చెయ్యి."

ఆమె ఆ తడి కాగితాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అట్లాగే పట్టుకుని నిలబడింది. చివరికి పడవ బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టింది.

"గోడ మీద ఇంగ ఏమని రాస్తావన్నా?" అన్నాడు నల్లప్ప బండికి సంచి కడుతూ.

కుళ్లాయప్ప కాలిన మణికట్టు మీద ఊదుకున్నాడు. నీళ్ల మధ్యలో మెడ దాకా మునిగిన స్తంభం వైపు చూశాడు.

"తెలీదబ్బా" అన్నాడు. "హేమావతిని అడగాల."